సీరియల్ నంబర్ ఏడు

ఆ ఉదయం శిక్షణ షెడ్డులో ఉన్నవాళ్లు: ప్యానెళ్లు కడిగే కూలీలు పన్నెండు మంది, అందులో ఆడవాళ్లు ఏడుగురు. కాంట్రాక్టరు తరఫు మేస్త్రీ ఒకడు. బెంగళూరు నుంచి ధ్యానం నేర్పడానికి వచ్చిన మేడమ్ ఒకరు. నేను. ఉన్న వస్తువులు: ప్లాస్టిక్ కుర్చీలు పదిహేను, అందులో ఒకదానికి కాలు విరిగింది. ప్రొజెక్టరు ఒకటి. తెర లేదు కాబట్టి గోడకు కట్టిన తెల్ల పంచె ఒకటి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, రెండు స్టీలు గ్లాసులు. మంటలార్పే సిలిండరు ఒకటి. దాని గడువు తేదీ నేను లోపలికి రాగానే చూశాను. కూర్చున్నాక లేచి వెళ్లి ఇంకోసారి చూశాను.

కుర్చీ ఒకటి తక్కువ పడింది కాబట్టి ఒకాయన నేల మీద, తలుపు పక్కన కూర్చున్నాడు. అడగకుండానే కూర్చున్నాడు. పోయిన వారం ఆయన చనిపోయాడు. ఇది ఆయన గురించి. పేరు రాయను. రాయొద్దని ఆయనే ఒకసారి అన్నాడు. మా హాజరు రిజిస్టరులో ఆయన సీరియల్ నంబర్ ఏడు.

నేను తిరుమణి దగ్గర సోలార్ పార్కులో ఒక బ్లాకుకు మెయింటెనెన్స్ ఇంజినీరును. ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. మాది నాగలమడిక, రోజూ బైకు మీద వచ్చి పోతాను. మా బ్లాకులో ప్యానెళ్లు ఒకచోట నిలబడి ఉండవు. పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమటికి, సూర్యుడి వెంట మోటార్ల మీద తిరుగుతాయి. వరుసలన్నిటినీ కలుపుతూ మోకాలెత్తున ఒక ఇనుప కడ్డీ పోతుంది. మోటారు ఆ కడ్డీని తిప్పితే వరుసలన్నీ కలిసి తిరుగుతాయి. తెల్లవారి కడిగేటప్పుడు వాటిని ఒకే వాలులో ఆపి పెడతాం. కడగడం అయ్యాక కూలీలందరూ బయటికి వచ్చారని నేను లెక్కపెట్టి, కంట్రోల్ రూముకు ఫోన్లో చెప్పాలి. అప్పుడు వాళ్లు మోటార్లు వదులుతారు. కదలిక చాలా మెల్లగా ఉంటుంది, చూస్తే కదులుతున్నట్టే తెలియదు. కానీ మనిషి చెయ్యి అడ్డం వచ్చినంత మాత్రాన ఆ కడ్డీ ఆగదు.

ఈ ఉద్యోగం నాలాంటివాడికి ఇవ్వకూడదు. లేదా నాలాంటివాడికే ఇవ్వాలి. నాకు అనుమానం ఎక్కువ. గేటు గొళ్లెం వేశానో లేదో అని సగం దారిలో బైకు తిప్పిన రోజులు ఒక్క ఏడాదిలో తొమ్మిది. తొమ్మిది సార్లూ గొళ్లెం వేసే ఉంది. అనంతపురంలో ఒక డాక్టరు మాత్రలు రాసి, ధ్యానం చెయ్యమన్నాడు. ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నాను. ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టు, తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టు అంటుంది. ఆరు తర్వాత ఏడు అన్నానా, లేక ఏడు రెండుసార్లు అన్నానా అని నాకు అనుమానం వచ్చేది. పది దాకా వెళ్లిన రోజులు తక్కువ.

అందుకే ఆ మేడమ్ వచ్చిన రోజు అందరికంటే ఆశగా కూర్చున్నది నేనే. ఆవిడ కన్నడలో మాట్లాడింది. సరిహద్దు ఊళ్లు కాబట్టి మా వాళ్లకు కన్నడ వచ్చు గానీ జవాబు మాత్రం తెలుగులోనే ఇచ్చారు. ఆవిడకు అర్థం కానప్పుడు మేస్త్రీ చెప్పాడు. ముందు అందరినీ కళ్లు మూసుకోమంది. పదకొండు మంది మూసుకున్నారు. నేను మూసుకుని, ఎవరు మూసుకోలేదో చూడటానికి తెరిచాను. నేల మీద కూర్చున్నాయన తెరిచిన కళ్లతో తలుపు బయటికి చూస్తున్నాడు.

"అజ్జా, కళ్లు మూసుకోండి" అంది ఆవిడ. కన్నడలో తాతను అజ్జ అంటారు.

"మూసుకుంటే మీరు కనపడరు గదమ్మా."

"నన్ను చూడక్కర్లేదు. లోపలికి చూసుకోవాలి."

"లోపల ఏముండాదమ్మా, పొద్దున తిన్న ముద్ద ఉండాది."

అందరూ కళ్లు తెరిచి నవ్వారు. ముందు వరుసలో కూర్చున్న నర్సమ్మ వెనక్కి తిరిగి, "మా మామ నిద్రలో గూడా ఒగ కన్ను తెరిచే ఉంటాడు మేడమ్. కావాలంటే అత్తను అడగండి" అంది. నర్సమ్మ ఆయనకు చుట్టమేమీ కాదు, ఒకే ఊరు, క్యాతగానచెర్లు. ఆ ఊళ్లో అంత వయసు మగవాళ్లందరూ ఆమెకు మామలే.

మేడమ్ మంచావిడ. కోప్పడలేదు. జపాన్‌లో జెన్ అనే ధ్యాన మార్గం ఉందని, ఆ సన్యాసులు కూడా కళ్లు పూర్తిగా మూయరని, సగం తెరిచి ఎదుటి గోడను చూస్తూ గంటల తరబడి కూర్చుంటారని చెప్పింది.

"గోడనా?" అన్నాడాయన. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గోడ యాడికి పోతాదమ్మా, కూచోని కాయడానికి?"

తర్వాత ఆవిడ ప్రొజెక్టరుతో పంచె మీద ఒక బొమ్మ వేసింది. నల్ల సిరాతో గీసిన పెద్ద సున్న. ఎవరో సన్యాసి కుంచె ఎత్తకుండా, ఒక్క ఊపిరిలో గీసిందట. మొదలూ చివరా కలవలేదు, ఒక పక్క కొంచెం ఖాళీ. ఇందులో ఏం కనిపిస్తోందని అడిగింది. మేస్త్రీ, "మబ్బు రోజు మా కరెంటు లెక్క మేడమ్" అన్నాడు. నర్సమ్మ, "మాడిన దోసె" అంది. ఆ గీత ఎందుకు కలవలేదా అని నాకు ఇబ్బందిగా ఉంది.

ఆయన లేచి పంచె దగ్గరికి వెళ్లాడు. సున్న ఆయన చొక్కా మీద పడింది.

"దొడ్డి గదా ఇది. గొర్రెల కంప దొడ్డి." ఖాళీ ఉన్నచోట వేలు పెట్టాడు. "ఇది వాకిలి. మనిషి ఈడ నిలబడాల."

"లోపల ఏముంది అజ్జా?" మేడమ్ ముందుకు వంగింది.

ఆయన చూశాడు. "ఇంగా పొద్దు గూకలేదు గదమ్మా. రాలేదు."

ఆవిడ ఆ మాట తన పుస్తకంలో రాసుకుంది. నేనూ నా ఫోన్లో రాసుకున్నాను. అప్పటికి నేననుకున్నది ఏమిటంటే, ఈయన దగ్గర ఏదో ఉంది, నాకు దొరకనిది ఈయనకు పుట్టుకతోనే దొరికింది అని. అలా అనుకోవడం నా మొదటి తప్పు.

ఆ రోజు ఇంకొకటి జరిగింది, దాన్ని మేడమ్ రాసుకోలేదు. చివర్లో ఆవిడ అందరినీ ఊపిరి లెక్కపెట్టమంది. ఒకటి, రెండు, మూడు. ఆయన నా పక్కకు జరిగి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"సారప్పా, ఆయమ్మకు చెప్పు. ఊపిరిని లెక్కబెట్టగూడదు. పానం ఉండేదాన్ని దేన్నీ లెక్కబెట్టగూడదు. లెక్కబెట్టినవి తగ్గుతాయి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తున్న పదకొండు మందినీ ఒక్కొక్కరినే చూస్తూ, వాళ్లు పది దాకా వెళ్లి ఆగేవరకు నా మోచెయ్యి వదల్లేదు.

మా బ్లాకులో తొమ్మిదో వరుస నుంచి పదహారో వరుస దాకా ఉన్న నేల ఆయనదే. శెనక్కాయలు వేసేవాడు. దొడ్డి ఉన్నచోట ఇప్పుడు ఇన్వర్టరు గది ఉంది. నేల కంపెనీకి లీజుకిచ్చాక మేపడానికి బీడు లేక గొర్రెలను అమ్మేశాడు. ఒకసారి అడిగాను.

"ఎన్ని గొర్రెలుండేవి తాతా?"

"ఉండె."

"అదే, ఎన్ని?"

"దొడ్డి నిండా ఉండె."

నంబర్లంటే ఆయనకు పడేది కాదు. వరుసలన్నిటికీ నేను పసుపు రంగుతో నంబర్లు రాయించాను. ఆయన ఒక్కరోజు కూడా వాటిని వాడలేదు. పన్నెండో వరుసలో ఒక స్తంభం ఒరిగి ఉంటుంది, దాన్ని కుంటిది అనేవాడు. పద్నాలుగో వరుసలో ఒక ప్యానెలు మూల రాయి తగిలి చుక్కలా పగిలింది, అది చుక్కది. చివరి వరుస మీద కొంగలు వాలి తెల్ల మరకలు చేస్తాయి, అది బొల్లిది. "ఈ పొద్దు యాడ కడిగినావు తాతా?" అంటే "కుంటిది అయినాది, చుక్కదాని కాడికి పోతాండా" అనేవాడు. మిగతా కూలీలూ అదే అలవాటు చేసుకున్నారు. చివరికి నేను నా నోటుబుక్కులో ఒక పట్టిక వేసుకోవలసి వచ్చింది, ఎడమ పక్క నా నంబర్లు, కుడి పక్క ఆయన పేర్లు.

ఒక వరుస మొదలుపెట్టే ముందు ఆయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, వరుస మొదట్లో నిలబడి, ఆ చివరి దాకా చూసేవాడు. చేతిలో బ్రష్షు కర్ర, కాళ్ల దగ్గర పైపు. అంతే. తర్వాత హెల్మెట్ పెట్టుకుని పనిలోకి దిగేవాడు. నేను నాలుగు రోజులు టైము చూశాను. సగటున నలభై సెకన్లు. మేస్త్రీ, "ముసలోడు నిలబడి నిద్రపోతాన్యాడు సార్" అనేవాడు. నాకు మాత్రం అదే ధ్యానం అనిపించింది. గోడను చూస్తూ కూర్చునే సన్యాసులు గుర్తొచ్చారు.

నేనూ ప్రయత్నించాను. ఒక పొద్దున పదో వరుస ముందు హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డాను. ఆ నలభై సెకన్లలో నాకు ఎర్తింగ్ బోల్టుల మీద మూడు, కేబుల్ తొడుగుల మీద రెండు, మా అమ్మ గ్యాసు కట్టేసిందా అని ఒకటి, మొత్తం ఆరు అనుమానాలు వచ్చాయి. వెనక నుంచి నర్సమ్మ, "సార్‌కు గూడా మామ గాలి సోకినాది" అని నవ్వింది.

ఉగాది అయ్యాక మొదటి శనివారం. ఎండ అప్పటికే ముదిరింది. తొమ్మిదింటికి కడగడం అయిపోయి కూలీలు నీళ్ల ట్యాంకరు నీడలోకి వచ్చి కూర్చున్నారు. పసుపు హెల్మెట్లు, పచ్చ జాకెట్లు. లెక్కపెట్టాను. పన్నెండు. ఇంకోసారి పెట్టాను. పన్నెండు. అటు చివర నుంచి ఇటు పెట్టాను. పన్నెండు. రిజిస్టరులో పన్నెండు. కంట్రోల్ రూముకు ఫోన్ చేశాను.

"ఎంతమంది సార్? వదిలెయ్యమంటారా?" అన్నాడు అక్కడి ఆపరేటరు.

"ఆగప్పా" అన్నాడాయన.

నీళ్ల గ్లాసు కింద పెట్టి లేచి నిలబడి ఉన్నాడు. "మంద సరింగా లేదు."

"పన్నెండు మంది ఉన్నారు తాతా. మూడుసార్లు లెక్కపెట్టాను."

"లెక్కబెట్టినావు, నేను సూసినా. ఇప్పుడు మొగాలు సూడు."

నేను చూశాను. హెల్మెట్లు కనిపించాయి.

"నర్సమ్మ యాడ?"

ట్యాంకరు చక్రం పక్కన కూర్చున్న ఒకామె హెల్మెట్ ఎత్తింది. నేనెప్పుడూ చూడని ముఖం. "నేను పక్క బ్లాకులో గడ్డి కోసేదాన్ని సార్. నీళ్లకొచ్చినా" అంది. ఆమెకూ పసుపు హెల్మెట్, పచ్చ జాకెట్.

ఫోను ఇంకా నా చెవి దగ్గరే ఉంది. ఆపరేటరు "వదిలెయ్యమంటారా" అన్నప్పుడు నేను ఊ అన్నానా? ఇప్పటికీ నాకు తెలియదు. "వదలొద్దు, వదలొద్దు" అని అరిచాను. ఐదారుసార్లు అరిచి ఉంటాను. అతను "వదల్లేదు సార్, మీరు చెప్పందే ఎట్లా వదులుతాను" అన్నాడు. నేను నమ్మలేదు. ప్యానెళ్ల అంచుల వైపు చూస్తూ పరిగెత్తాను. అవి కదులుతున్నాయో లేదో చూసి చెప్పలేం. మొదటే చెప్పాను కదా.

ఆయన పరిగెత్తలేదు. నాకంటే ముందు బయల్దేరి, వేగంగా నడుస్తూ నేరుగా చుక్కదాని దగ్గరికి వెళ్లాడు. ఆమె ఆ పొద్దున ఆ వరుస కడిగిందని ఆయనకు తెలుసు. నాకు తెలియదు. నా రిజిస్టరులో అంతమంది లోపలికి వెళ్లారని ఉంటుంది గానీ, ఎవరు ఎటు వెళ్లారో ఉండదు.

వరుస మధ్యలో ప్యానెళ్ల కింద నీడలో నర్సమ్మ కూర్చుని ఉంది. వీపు కడ్డీకి ఆనించింది. తల మోకాళ్ల మీద పెట్టుకుంది. జాకెట్ కింద నుంచి జారిన చీరకొంగు కడ్డీ మీదుగా అటు పక్కకు వేలాడుతోంది.

ఆయన ముందు కొంగు తీశాడు. కడ్డీ మీద నుంచి రెండు వేళ్లతో ఎత్తి ఆమె ఒడిలో వేశాడు. ఆ తర్వాతే పిలిచాడు.

"నర్సమ్మా. లెయ్ తల్లీ."

ఆమె కళ్లు తెరిచింది. "కండ్లు తిరిగినాయి మామా. శనివారం గదా, ఏం తినలే. ఒగ్గడియ కూచుందామని..."

"సరే. ఈడ గాదు. ఆడ కూచుందువు, రా."

కడ్డీ కదలలేదు. చెయ్యి పెట్టి చూశాను. తీసి, మళ్లీ పెట్టి చూశాను.

నర్సమ్మకు బెల్లం నీళ్లు తాగించి మేస్త్రీ బండి మీద ఇంటికి పంపాక, నేను ఇన్వర్టరు గది మెట్టు మీద కూర్చున్నాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎలా తెలిసిందని అడిగాను.

"నర్సమ్మ కూచునే తావు ఖాళీగా ఉండె. దినామూ ట్యాంకరు కొళాయి కాడ కూచుంటాది." అన్నాడు. "ఒగసారి మా తమ్ముడు మందను లెక్కబెట్టినాడు. సరిపోయినాది అన్యాడు. పొద్దున లేసి సూస్తే పక్కోని పొట్టేలు ఒగటి మా దొడ్లో ఉండాది, మాది ఒగటి లేదు. మళ్లా యాడా దొరకలే. అప్పుడిడిసినా లెక్కబెట్టడం. వాకిట్లో నిలబడి వచ్చేదాన్ని వచ్చినట్టు మొగం సూసుకోవడమే."

"మీకు భయం వెయ్యదా తాతా? వరుస ముందు అంత నిమ్మళంగా నిలబడతారు కదా."

ఆయన నా వైపు తిరిగాడు. "నిమ్మళమా? బయం సారప్పా. బయమేసే నిలబడతా. పురుగుందో, పుట్రుందో, నిన్న ఉన్నది ఈ పొద్దు లేదో. నిమ్మళంగా ఉండేటోడు నిలబడడు, పన్లోకి పోతాడు."

ఇన్నాళ్లూ ఆయన దగ్గర నేను వెతికింది భయం లేకపోవడాన్ని. ఆయనకూ నాకున్నంత భయమే ఉంది. కాకపోతే ఆయన దాన్ని ఒకచోట నిలబెట్టి, దాని కళ్లతోనే చూసేవాడు. నేను దాని వెంట తిరిగేవాణ్ని.

"గొర్రెలను అమ్మిన పొద్దు సూడలే" అన్నాడు, నేను అడగకుండానే. మెట్టు కింది కంకర వైపు చూస్తున్నాడు. "లారీ ఈడే నిలబెట్టినారు, ఈ గదిండే తావులో. కొనేటోడు ఒగటి, రెండు అని అరుచుకుంటా ఎక్కిచ్చినాడు. నేను అట్లా తిరుక్కోని నిలబడినా. ఒగదాని మొగం గూడా సూడలే. సూసుంటే బాగుండు."

ఎన్ని అని ఈసారి నేను అడగలేదు.

ఆ రోజు ప్రమాదం తప్పిన నివేదిక రాయాలి. తప్పు ఎవరిది అన్న గడిలో నా పేరు రాశాను. ఎవరు గుర్తించారు అన్న గడి దగ్గర ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నా పేరు రాయొద్దప్పా. కాగితంలోకి పోయినామంటే లెక్కలోకి పోయినట్టే." సీరియల్ నంబర్ ఏడు అని రాశాను. నాకు ఒక మెమో వచ్చింది. పక్క బ్లాకు గడ్డి కూలీలకు నారింజ రంగు జాకెట్లు వచ్చాయి.

ఆ తర్వాత నేను రోజూ తొమ్మిదింటికి ముందు ముఖాలు చూసి, తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎవరు ఎక్కడ కూర్చుంటారో నోటుబుక్కులో బొమ్మ వేసుకున్నాను. నర్సమ్మ కొళాయి దగ్గర. ఆయన ట్యాంకరు వెనక చక్రం పక్కన, అందరూ కనిపించేలా. యాప్ తీసేశాను. అనుమానం తగ్గలేదు. గేటు దగ్గరికి ఇంకో రెండుసార్లు వెనక్కి వెళ్లాను.

పోయిన వారం రెండు రోజులు ఆయన రాలేదు, నర్సమ్మా రాలేదు. మూడో రోజు గేటు దగ్గర నర్సమ్మ చెప్పింది.

"మామ పోయినాడు సార్. తెల్లారి లేసి వాకిట్లో కూచున్యాడంట. అత్త కాఫీ తెచ్చేలోపలే. కూచున్నోడు కూచున్నట్టే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "కండ్లు తెరిచే ఉండాయి సార్. మేమే మూసినాం."

నిన్న సోమవారం కాంట్రాక్టరు ఆయన బదులు ఇంకొకతన్ని పంపాడు. తిరుమణి మనిషి, నలభై ఏళ్లుంటాయి, పనిమంతుడు. రిజిస్టరులో ఖాళీగా ఉన్న గడి అతనికే ఇచ్చారు, సీరియల్ నంబర్ ఏడు. అతను ఏ వరుస కడగాలని అడిగితే నర్సమ్మ "చుక్కది" అంది. అతనికి అర్థం కాలేదు. పద్నాలుగు అని నేను చెప్పాను.

తొమ్మిదింటికి అందరూ ట్యాంకరు నీడలోకి వచ్చారు. కొత్తతను మేస్త్రీ పక్కన కూర్చున్నాడు. వెనక చక్రం పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను ఫోన్ చేసి, ఆపరేటరును ఆగమని, ముఖాలు చూశాను. ఒక్కొక్కటే చూశాను. ఒకటి లేదు. అది ఎవరిదో తెలుసు, ఎక్కడుందో తెలుసు, అయినా ఫోను చేతిలో పట్టుకుని వరుసలన్నిటి మొదట్లోకీ వెళ్లి, హెల్మెట్ తీసి, ఆ చివరి దాకా చూసి వచ్చాను. కుంటిది, చుక్కది, బొల్లిది. కింద ఎవరూ లేరు. కడ్డీ మీద ఏమీ లేదు.

"సార్, ఉన్నారా? ఎంతమంది?" అన్నాడు ఆపరేటరు.

లెక్కపెట్టాను. సరిపోయింది.

"పన్నెండు" అన్నాను.